తుపాకుల శిల్పి జాన్ బ్రౌనింగు

అలహాబాదు ప్రదర్శనశాలలో ఒక చిన్న పిస్తోలు కలదు. అది చంద్రశేఖర ఆజాదు చేతి ఆయుధము. 1931 వ సంవత్సరము ఫిబ్రవరి 27 వ తేదీన ఆ నగరమందలి ఆల్‌ఫ్రెడ్ తోటలో పోలీసులు తన్ను చుట్టుముట్టగా, ఆ వీరుడు ఈ పిస్తోలుతోనే వారి నెదిరించి, ప్రాణములతో పట్టుబడక నేల కొరిగెను. పిమ్మట అది ఇంగ్లండుకు పోయి, స్వాతంత్ర్యము వచ్చిన పెక్కేండ్లకు మరల మన దేశమునకు చేరినది. నేటికిని జనులు దానిని భక్తితో చూచి పోవుచుందురు.

ఆ పిస్తోలును పట్టిన చేయి ఎవరిదో మన పిల్లలకు గూడ తెలియును. దానిని కల్పించిన చేయి ఎవరిదో ఎఱిగినవారు తక్కువ. అమెరికా దేశమున హార్ట్‌ఫర్డు పట్టణమందలి కోల్టు కంపెనీవారు దానిని తయారుచేసిరి. కాని దాని నమూనాను ఊహించి, ఇనుమున మలచి యిచ్చినవాడు ఆ దేశపు పడమటి కొండసీమలో ఒక తుపాకులు బాగుచేయు కొట్టున పెరిగిన పనివాడు. ఆయన పేరు జాన్ మోజెస్ బ్రౌనింగు.

మన గ్రంథాలయమందలి బీరువాలలో కవుల జీవితములు, భక్తుల జీవితములు, దేశనాయకుల జీవితములు పెక్కు కలవు. సుత్తియు ఆకురాయియు పట్టి బ్రతికినవాని జీవితము అరుదు. అందునను ఆయుధములు చేసినవాని చరిత్ర యేల చదువవలెనని కొందఱకు తోచవచ్చును. ఒక వస్తువును చేసినవాని బాధ్యత ఎంతవఱకు పోవును, దానిని దగ్గఱ నుంచుకొన్నవాని బాధ్యత ఎచ్చట మొదలగును అను ప్రశ్నకు ఈ జీవితమందు కొంత సమాధానము దొరకును. కత్తిపీట మొదలు మోటారుబండి వఱకు ఏదో యొక పనిముట్టును వాడు ప్రతి గృహస్థునకును ఈ ప్రశ్నతో పని కలదు.

జననము, బాల్యము

బ్రౌనింగు 1855 వ సంవత్సరము జనవరి నెలలో యూటా సీమయందలి ఆగ్డెను అను ఊర జన్మించెను. తండ్రి పేరు జానథన్ బ్రౌనింగు. ఆయన తుపాకులు చేయుటలో సిద్ధహస్తుడు. మార్మను మతస్థులు తూర్పు రాష్ట్రములలో నిలువ నీడలేక బండ్లు కట్టుకొని పడమరకు వలస పోవు కాలమున, ఆ బాటసారులకు తుపాకులు చేసి యిచ్చుటకై కొన్నేండ్లు దారిలోనే నిలిచి, 1852 లో ఆగ్డెను చేరి అచ్చట కొట్టు పెట్టెను. ఆ దినములలో అది మారుమూల సీమ. ఇంటికి మాంసము కావలెనన్నను, అడవిమృగముల నుండి మందను కాచుకొనవలెనన్నను తుపాకి అవసరము. అది చెడినచో క్రొత్తది కొనుటకు అంగడి లేదు. కావున జనులు పాతదానినే పట్టుకొని జానథన్ కొట్టునకు వచ్చుచుండిరి.

మన ఊళ్ళలో కమ్మరి బిడ్డ నడక నేర్చినది మొదలు కొలిమి యొద్దనే తిరుగుచు, తిత్తి లాగుచు, దాగలిపై పడు సుత్తి దెబ్బల చప్పుడుతోనే పెరుగును గదా. జాన్ బాల్యము గూడ అట్లే గడచెను. కొట్టులో మూల పడియున్న విఱిగిన గొట్టములు, తుప్పు పట్టిన మీటలు, స్ప్రింగులు ఆయనకు ఆటవస్తువులు. ఏ ముక్క ఏ తుపాకికి చెందినదో, ఎందువలన విఱిగినదో ఆలోచించుటయే ఆట. పదేండ్ల వయస్సున తమ్ముడైన మాథ్యూను తోడు చేసికొని, పాఱవేసిన సామాను నుండి ఒక నాటు తుపాకిని చేసి, దానితో అడవికోళ్ళను కొట్టి తెచ్చెనని ఆ కుటుంబమువారు చెప్పుకొందురు. బడి చదువు చిన్ననాటనే ముగిసెను. చదువు ముగిసినది గాని నేర్చుకొనుట ముగియలేదు.

చెడిపోయిన తుపాకులను వేలకొలది విప్పి చూచుట వలన ఆయనకు ఒక విశేషజ్ఞానము కలిగెను. ఏ భాగము ముందు అఱుగును, ఏ మూల మట్టి చేరి యంత్రము బిగియును, ఏ చిన్న మేకు ఊడినచో మొత్తము పనికిరాకుండ పోవును అను విషయములు పుస్తకమునందు గాక విఱిగిన వస్తువులందే ఆయన చదివెను. తరువాతి కాలమున ఆయన కల్పించిన యంత్రములు మట్టిలోను నీటిలోను గూడ నమ్మకముగా పనిచేయుటకు మూలము ఈ చదువే. ఆయన పెద్ద పెద్ద పటములు గీచుకొని పని చేయువాడు కాడు. మొదట మనస్సులో యంత్రమును పూర్తిగా నడిపించి చూచుకొని, పిదప ఇనుమును చేతబట్టి మలచుచుండెను.

మొదటి ఫలితము

1879 వ సంవత్సరము ఆయన జీవితమున ముఖ్యమైనది. ఆ యేడే రేచల్ చైల్డ్ అను కన్యను వివాహమాడెను. ఆ యేడే తండ్రి పరమపదించెను. అక్టోబరు నెలలో, ఒక్కొక్క తూటా మాత్రమే పెట్టి కాల్చు రైఫిలుకు ఆయన మొదటి పేటెంటు లభించెను. అన్నదమ్ములందఱు కలిసి ఆగ్డెనులో చిన్న కర్మాగారము కట్టుకొని, ఆ రైఫిళ్ళను తామే చేసి అమ్మసాగిరి. జాన్ ఊహించును, మాథ్యూ లెక్కలును వ్యాపారమును చూచుకొనును, తక్కిన సోదరులు పనిముట్లు పట్టుదురు.

అందులో నొకటి చేతులు మారి మారి తూర్పు తీరమున ప్రసిద్ధికెక్కిన విఞ్చెస్టరు కంపెనీవారి కంటబడెను. ఆ కంపెనీ అధికారి బెన్నెట్టు 1883 లో దూరప్రయాణము చేసి ఆగ్డెను చేరి, ఆ నమూనా హక్కును 8,000 డాలర్లకు కొనెను. అది మొదలు సుమారు ఇరువది యేండ్లపాటు బ్రౌనింగు ఆ కంపెనీకి నలువదికి పైగా నమూనాల నమ్మెను. వారు వానిలో పదింటిని మాత్రము తయారుచేసి, తక్కినవానిని పోటీదారులకు దక్కకుండ దాచి పెట్టిరి. నేటికిని వేటగాండ్రు మెచ్చు 1894 నాటి రైఫిలు ఆ పదింటిలో నొకటి.

ఇట్లు ధనము వచ్చుచున్న కాలముననే, 1887 లో ఆయన తన మతసంఘమువారి యాజ్ఞ మేరకు పనిముట్లను ప్రక్కన పెట్టి, రెండేండ్లు జార్జియా రాష్ట్రమున ప్రచారకుడుగా తిరిగెను. తిరిగి వచ్చిన పిమ్మట, 1889 లో, ఆయన బుద్ధి క్రొత్త దారి త్రొక్కెను.

గడ్డిపోచ నేర్పిన పాఠము

ఒకనాడు నేస్తులతో గూడి గుఱి కాల్చుచుండగా, తుపాకి ప్రేలినప్పుడెల్ల గొట్టపు మూతికెదుట నున్న గడ్డి నేలకు వంగుట ఆయన గమనించెను. ఆ దృశ్యము అంతకుముందు ఎందఱో చూచియుందురు. ఈయన మాత్రము ఆ గడ్డిని వంచు శక్తి వృథాగా పోవుచున్నదని తలపోసెను. గుండు పోయిన పిమ్మట మిగిలిన ఆవిరిచేత ఖాళీ డొల్లను బయటికి నెట్టించి, మఱియొక తూటాను లోపలికి తెప్పింపవచ్చునుగదా అని వెంటనే కొట్టునకు పోయి ప్రయత్నము మొదలిడెను. ఈ భావమునుండి పుట్టిన మరతుపాకిని కోల్టు కంపెనీవారు 1895 నాటి నమూనాగా వెలువరించిరి.

ఈ తలంపునే చేతిలో ఇముడు చిన్న ఆయుధమునకు అన్వయించుట తరువాతి మెట్టు. అంతకుముందు సైనికులు మొలకు కట్టుకొనునది రివాల్వరు. అందు ఆఱు తూటాల పీపా తిరుగును. ప్రతి సారియు వ్రేలి బలముచేతనే దానిని త్రిప్పవలెను. అర్ధస్వయంచాలక పిస్తోలునందు ఆ పనిని ప్రేలుడే చేసిపెట్టును. మీట నొక్కినప్పుడు గుండు ముందునకు పోవును. ఆ తాకిడికి పైనున్న జారుడు తొడుగు వెనుకకు పోయి, ఖాళీ డొల్లను బయటికి విసరి, సుత్తిని మరల ఎక్కించును. అణగిన స్ప్రింగు తొడుగును ముందునకు నెట్టగా, పిడిలోనున్న పేటిక నుండి క్రొత్త తూటా గొట్టములోనికి చేరును. ఇదంతయు ఱెప్పపాటు కాలమున జరుగును. ఒక్క నొక్కుడునకు ఒక్క గుండే. రెండవ గుండునకు మీట వదలి మరల నొక్కవలెను. కావుననే దానిని పూర్ణ స్వయంచాలకమని గాక అర్ధస్వయంచాలకమని యందురు.

తూటా చిన్నదైనచో తొడుగు బరువును స్ప్రింగు బలమును ఆ తాకిడికి సరిపోవును. ఆజాదు చేతి పిస్తోలు అట్టిది; అది 1903 నాటి నమూనా. తూటా పెద్దదైనచో అది చాలదు. అప్పుడు గుండు గొట్టము దాటువఱకు గొట్టమును తొడుగును గడియ పెట్టిన తలుపు రెక్కలవలె బిగించి యుంచి, పిదప విడదీయవలెను. గొట్టము పైభాగమున గట్లు చెక్కి, క్రింద చిన్న లంకె నమర్చి, బ్రౌనింగు ఆ గడియను సాధించెను. ఆ కాలమునుండి నేటివఱకు లోకమున తయారైన పెద్ద పిస్తోళ్ళలో అధికభాగము ఈ ఉపాయమునే ఏదో యొక రూపమున అనుసరించుచున్నవి.

1897 లో ఆయన పిస్తోళ్ళకు అమెరికాలో పేటెంట్లు లభించెను. ఆ యేడే బెల్జియము దేశమున లియేజి నగరమునకు చేరువనున్న హెర్స్‌టాలు గ్రామమందలి ఫాబ్రీక్ నాసియొనాలు అను కర్మాగారమువారితో ఒప్పందము కుదిరెను. అది మొదలు అమెరికాలో కోల్టువారును, ఐరోపాలో హెర్స్‌టాలువారును ఆయన పిస్తోళ్ళను చేయసాగిరి. ఐరోపాలోని కొన్ని భాషలలో బ్రౌనింగు అను పేరే పిస్తోలునకు పర్యాయపదమై పోయెను.

1902 లో ఆయనకును విఞ్చెస్టరు వారికిని ఎడబాటు కలిగెను. తాను క్రొత్తగా చేసిన స్వయంచాలక వేటతుపాకికి ఒక్కసారిగా వెల గాక, అమ్ముడైన ప్రతిదానిపైనను వంతు కావలెనని బ్రౌనింగు కోరెను. వారు సమ్మతింపలేదు. ఆయన వేరొక కంపెనీ అధ్యక్షుని చూడబోగా, ఆ పెద్దమనిషి ఆనాడే హఠాత్తుగా మరణించెను. అంతట ఆయన ఓడయెక్కి బెల్జియము చేరి, ఆ నమూనాను హెర్స్‌టాలు వారి కప్పగించెను. పనివాని కష్టమునకు తగిన ఫలము పనివానికే అందవలెనని నిలిచి, ఇరువది యేండ్ల చెలిమిని వదలుకొనుటకు గూడ ఆయన వెనుదీయలేదు.

ఆఱు వేల గుండ్ల పరీక్ష

ఆ కాలమున అమెరికా సైన్యమువారు ఫిలిప్పీను దీవులలో పోరుచుండిరి. తమ రివాల్వర్ల చిన్న గుండ్లు తగిలినను మీదికి దూకు యోధులు ఆగుట లేదని సైనికులు మొఱపెట్టుకొనిరి. 1904 లో పరీక్షలు జరిపిన అధికారులు, గుండు అంగుళమున నూటికి 45 వంతుల మందమునకు తక్కువ కారాదని తీర్మానించిరి. అట్టి పిస్తోలు కొఱకు 1907 నుండి పోటీ నడచెను. పలు కంపెనీలు పాల్గొనగా, తుదకు కోల్టువారి తరపున బ్రౌనింగు నమూనాయు, సావేజి కంపెనీవారి నమూనాయు మిగిలినవి.

ఆ నాలుగేండ్లలో బ్రౌనింగు తన పిస్తోలును అనేక పర్యాయములు మార్చెను. పాఠకులు గమనింపవలసిన విషయ మిది. ఆ మార్పులలో ముఖ్యమైనవి రెండు, పిస్తోలును మఱింత వేగముగా కాల్చుటకు చేసినవి కావు. అక్కఱలేనప్పుడు అది ప్రేలకుండుటకు చేసినవి. పిడి వెనుక ఒక పలక నమర్చెను; అరచేతితో పిడిని గట్టిగా పట్టిననే గాని మీట కదలదు. జారి క్రిందపడినను, ఏ కొమ్మయో తీగయో మీటకు తగులుకొన్నను ఆ పలక కాపాడును. గుఱ్ఱపు దళమువారు ఇంకొక కోరిక కోరిరి. ఒక చేత కళ్ళెము, మఱియొక చేత పిస్తోలు నున్న రౌతు గుఱ్ఱము బెదరినప్పుడు సుత్తి ఎక్కియున్న ఆయుధము నేమి చేయవలెను? దానికై బొటనవ్రేలితో పైకెత్తి బంధించు మీటను ఆయన ప్రక్కన చేర్చెను. వాడువాడు చెప్పిన మాటను చేయువాడు వినుట వలన వచ్చిన మేలు ఇది.

1911 మార్చిలో కడపటి పరీక్ష జరిగెను. ఒక్కొక్క పిస్తోలుతో 6,000 గుండ్లు కాల్పించిరి. నూఱు గుండ్ల కొకసారి కొంచెము విరామము. వేయి గుండ్ల కొకసారి తుడిచి చమురు వేయుట. కాలి ముట్టరాకుండ నున్నప్పుడు నీటిలో ముంచి చల్లార్చిరి. సావేజి పిస్తోలు 37 సారులు తడబడెను. బ్రౌనింగు పిస్తోలు ఒక్కమాఱైనను తడబడలేదు. 1911 మార్చి 29 వ తేదీన సైన్యమువారు దానిని స్వీకరించిరి. పిడిలో 7 తూటాలు. బరువు ఒక కిలోగ్రాముకు కొంచెము ఎక్కువ. అది 1985 వఱకు ఆ దేశపు సైన్యమునకు ప్రధానమైన పిస్తోలుగా నుండెను. సైన్యము కొఱకే సుమారు 27 లక్షలు తయారైనవి.

ఇన్ని రక్షణలు గల ఆయుధమును గూడ గొట్టమున తూటా లేకుండ, సుత్తి దించి, పేటికతో మాత్రమే మొలకు కట్టుకొని తిరుగవలెనని, పోరు సమీపించినప్పుడే గొట్టమున తూటా నెక్కించవలెనని సైన్యమువారు తమ సిపాయిలకు నియమము విధించిరి. శిల్పి తన పని తాను చేసినను, మోయువాడు తన జాగ్రత్తను మానరాదని వారి యభిప్రాయము.

1914

1914 వ సంవత్సరారంభమున లియేజి నగరమందు బ్రౌనింగునకు గొప్ప సన్మానము జరిగెను. హెర్స్‌టాలు కర్మాగారమునుండి ఆయన పేరిట వెలువడిన పిస్తోళ్ళ సంఖ్య 10 లక్షలకు చేరిన సందర్భమది. బెల్జియము రాజు ఆయనకు లియోపోల్డు బిరుదు నొసంగెను. అచ్చటి పనివాండ్రు ఆయనను గురువుగా భావించి గౌరవించుచుండిరి. యూటా కొండలలో పాత ఇనుప ముక్కలతో ఆడుకొన్న బాలుడు రాజసత్కారము నందిన దిన మది.

ఆఱు మాసములు గడువలేదు. జూన్ 28 వ తేదీన సారయేవో నగరపు వీధిలో గావ్రిలో ప్రిన్సిప్ అను పందొమ్మిదేండ్ల యువకుడు ఆస్ట్రియా యువరాజును ఆయన భార్యను కాల్చి చంపెను. వాని చేతనున్నది హెర్స్‌టాలులో తయారైన బ్రౌనింగు పిస్తోలు. 1910 నాటి నమూనా. ఆ రెండు గుండ్లు కారణముగా చూపి రాజ్యములు ఒకదానిపై నొకటి యుద్ధము ప్రకటించినవి. ఆగస్టులో జర్మను సేనలు బెల్జియముపై బడి లియేజిని ముట్టడించి పట్టుకొనినవి. ఏ నగరము ఆ పిస్తోలు శిల్పిని సన్మానించినదో, ఆ నగరమే ఫిరంగుల దెబ్బలకు మొదట గుఱియైనది. ఆ కర్మాగారము శత్రువుల పాలయ్యెను.

యుద్ధమునకు మూలము ఆ పిస్తోలే అనుట సత్యము కాదు. రాజ్యముల స్పర్ధలు, సంధిపత్రములు, సేనల పోటీలు ఎప్పటినుండియో పేర్చిన కట్టెలవలె సిద్ధముగా నుండినవి. అయినను ఆ కట్టెలకు నిప్పు తగిలించిన పనిముట్టు ఏదియని అడిగినచో, దానిపై బ్రౌనింగు పేరే చెక్కబడి యున్నది. అరచేతి పట్టు లేనిదే ప్రేలరాదని పలక నమర్చిన శిల్పి ఆయన. అయినను ఆ అరచేయి ఎవరిదో తెలిసికొను పలకను ఏ శిల్పియు చేయజాలడు.

యుద్ధకాలము

1917 లో అమెరికా యుద్ధమున దిగినప్పుడు సైన్యమువారికి మరతుపాకులు కొఱతపడెను. బ్రౌనింగు అంతకుముందే చేసియుంచిన నమూనాలు రెండు, అనగా నీటితో చల్లబడు బరువైన మరతుపాకియు, ఒక సిపాయి మోయదగిన స్వయంచాలక రైఫిలును, సైన్యమువారు స్వీకరించిరి. ప్రతి తుపాకిపైనను వంతు తీసికొన్నచో ఆయన కోటీశ్వరు డగును. ప్రభుత్వమువారు హక్కు లన్నిటికిని కలిపి 7,50,000 డాలర్లు ఇచ్చెదమనగా బేరమాడక అంగీకరించెను. వంతు కొఱకు విఞ్చెస్టరు వారితో తెగదెంపులు చేసికొన్న మనుజుడే, దేశము అడిగినప్పుడు వంతు మాట ఎత్తలేదు. కుమారుడైన వాల్ సైన్యమున చేరి, ఫ్రాన్సు దేశపు రణరంగమున తండ్రి చేసిన రైఫిలును సిపాయిలకు చూపి వాడుక నేర్పెను.

యుద్ధము ముగిసిన పిమ్మట సిపాయిల అనుభవమును పట్టి 1911 నాటి పిస్తోలును మరల సవరించిరి. చిన్న చేతులవారికి వ్రేలందుటకై మీటను కుఱుచచేసిరి. మీట వెనుక ఇనుమును కొంచెము చెక్కిరి. సుత్తి దెబ్బకు చర్మము నలగకుండ పిడిపలక తోకను పొడిగించిరి. పిడి వెనుకభాగమును విల్లువలె వంచిరి. ఈ మార్పులతో కూడిన పిస్తోలునకు 1926 లో క్రొత్త గుర్తు నిచ్చిరి. లోపలి యంత్రము మాత్రము మారలేదు. చేతిని పనిముట్టునకు అనుగుణముగా వంచక, పనిముట్టునే చేతికి అనుగుణముగా వంచుట ఉత్తమమైన సవరణ.

కడపటి దినములు

వృద్ధాప్యమునను బ్రౌనింగు పని మానలేదు. లియేజికి ఆయన ఎన్నోమాఱులు సముద్రము దాటి పోయి వచ్చెను. 1926 నవంబరు 26 వ తేదీన ఆ కర్మాగారముననే, కుమారుడైన వాల్ పనిచేయు గదిలో, గుండెపోటు వచ్చి కన్ను మూసెను. అప్పటికి ఆయన వయస్సు 71 సంవత్సరములు. ఆయన పేరిట నున్న పేటెంట్లు 128. దేహమును అమెరికాకు కొనిపోయి ఆగ్డెనులో సమాధి చేసిరి.

ఆయన విడిచిపోయిన కడపటి పిస్తోలు నమూనాను ద్యుదొనె సేవ్ అను బెల్జియము దేశపు శిల్పి సవరించి 1935 లో పూర్తిచేసెను. దాని పేటికలో 13 తూటాలు పట్టును. ఇంకొక జాగ్రత్తయు అందు చేరెను: పేటికను తీసివేసినచో మీట పనిచేయదు. ఈ పిస్తోలే మన భారత సైన్యమునకు గూడ చేరినది. బంగాళమందలి ఇఛాపురము రైఫిలు కర్మాగారములో మనవారే దానిని తయారుచేసిరి. మన సిపాయిల నడుమున వ్రేలాడిన ఆయుధమునకు మూలము ఆగ్డెను కొట్టులోని ఆకురాయి యనుట అతిశయోక్తి కాదు.

ఉంచుకొనుట, మార్చుట, మోయుట

బ్రౌనింగు జీవితము 1926 తో ముగిసినను ఆయన పిస్తోలు జీవితము ముగియలేదు. అమెరికాలో సైన్యము విడిచిన సిపాయిలు పలువురు ఆ నమూనాను ఇంట నుంచుకొనిరి. గుఱిపందెముల వారు కనబడుటకు వీలైన పెద్ద గుఱిమొనలను అమర్చుకొని, మీట మెత్తగా కదలునట్లు సానబెట్టించుకొనిరి. నిపుణుని చేతిలో ఆ సవరణలు గుఱిని మెఱుగుపఱచినవి. నేర్పు లేనివాని ఆకురాయి మాత్రము ప్రమాదము తెచ్చును. సుత్తిని పట్టియుంచు కొక్కెము ఒక వెండ్రుకవాసి అధికముగా అఱిగినచో, తొడుగు ముందునకు కొట్టుకొనిన అదటుకే సుత్తి జారి ఎవ్వరును నొక్కకుండగనే పిస్తోలు ప్రేలవచ్చును. నాలుగేండ్లు మార్చి మార్చి కట్టిన రక్షణను ఒక సాయంకాలపు సరదా చెఱచును.

ఈ పిస్తోళ్ళ విషయమున జనులు సాధారణముగా చేయు పొరపాటు ఒకటి కలదు. పేటికను బయటికి తీసినంతనే పిస్తోలు ఖాళీయైనదని తలంతురు. కాని అప్పటికే గొట్టములోనికి ఎక్కిన తూటా అచ్చటనే యుండును. 1911 నాటి నమూనా పేటిక లేకున్నను ప్రేలును. తొడుగును వెనుకకు లాగి గొట్టమును కంటితో చూచిననే గాని నమ్మరాదు. ఖాళీయని నమ్మి ఆటగా ఎత్తిన ఆయుధము అయినవారినే బలిగొన్న విషాదములకు ఈ మఱపే కారణము.

మన దేశమున ఆయుధము ప్రతివాడును కొనగలిగిన సరకు కాదు. బ్రిటిషువారు 1878 లో చేసిన చట్టము మన జనుల చేతులను బంధించుటకు ఉద్దేశింపబడినది. ఆజాదు వంటివారు ఆ చట్టమును ధిక్కరించియే ఆయుధము పట్టిరి. స్వతంత్ర భారతమున 1959 వ సంవత్సరపు ఆయుధముల చట్టము వచ్చి 1962 లో అమలు జరిగెను. దాని ప్రకారము అనుమతిపత్రము లేనిదే తుపాకి నుంచుకొనుటగాని, మోయుటగాని, ఒకరికి అమ్ముటగాని నేరము. అనుమతి లేక ఆయుధమును మరమ్మతు చేయుటయు, ఒక రూపమునుండి మఱియొక రూపమునకు మార్చుటయు, గొట్టము కుఱుచచేయుటయు నిషిద్ధములు. దానిపైనున్న గుర్తులను చెఱపుటయు నేరమే. 2019 నాటి సవరణ వలన ఒక్కొక్కరు ఉంచుకొనదగిన ఆయుధముల సంఖ్య మూడునుండి రెంటికి తగ్గెను. ఈ నియమముల నన్నిటిని చూచినచో ఒక్క విషయము తేటపడును. ఆయుధము దానిని కొన్నవాని సొత్తే యైనను, దాని భారము ఊరందఱిది. ఇంటిలోని ఆవు తప్పించుకొనినచో పొరుగువాని చేను నష్టపడును. ఇంటిలోని పిస్తోలు తప్పించుకొనినచో పొరుగువాని బిడ్డయే నష్టపడును.

ముగింపు

బ్రౌనింగు దేవుడును కాడు, దయ్యమును కాడు. ఆయన పనివాడు. తన చేతిలోనున్నంత వఱకు ఆ వస్తువునకు తాను చేయగల మేలంతయు చేసెను. నమ్మకము గావలెనన్నవారికి ఆఱు వేల గుండ్లకు తడబడని యంత్రము నిచ్చెను. అపాయము కలుగరాదన్నవారికి అరచేతికొక రక్షణ, బొటనవ్రేలి కొక రక్షణ నిచ్చెను. అచ్చటితో శిల్పి బాధ్యత ముగిసినది. అటుపైని ఆ ఆయుధము సారయేవో వీధిలో ఒక చేతిలో బడి లోకయుద్ధమునకు నిప్పుకణికయైనది. అలహాబాదు తోటలో ఒక చేతిలో బడి స్వాతంత్ర్య దీక్షకు సాక్షియైనది. రెంటిలోను స్ప్రింగు ఒక్కటే, మీట ఒక్కటే, ప్రేలుడు ఒక్కటే. వేఱైనది పట్టిన మనుజుని హృదయము.

ఆ హృదయమును మలచు కర్మాగారమేది? కుటుంబము, బడి, గ్రంథాలయము. ఇరువదియైదేండ్లుగా మన ఊరి నడుమ ఈ చిన్న భవనము ఆ పనినే చేయుచున్నది. ఇచ్చటి పుస్తకముల చప్పుడు కొలిమి చప్పుడువలె ఎవ్వరికిని వినబడదు. కాని మనుజునకు కూడ ఒక రక్షణపలక యున్నది, దానిపేరు వివేకము. దానిని చెక్కుటకు ఇచ్చటనున్న ఆకురాళ్ళు పుస్తకములు. వానిని నిత్యము వాడుకొనుచు, మన బిడ్డలచేత వాడించుచు నుండవలెనని ప్రార్థించి ఈ వ్యాసమును ముగించుచున్నాను.